దగ్గరివారి అసూయ, దూరపువారి ముందుతీర్పు: తెలుగు క్రైస్తవ సంఘంలో ఆత్మీయ నాయకత్వం

(దోర్నకల్ తొలి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య స్మృతికి అంకితంగా అనకాపల్లిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

క్రైస్తవ సంఘంలో ఆత్మీయ నాయకుడనే మాట పరిధి విశాలమైనది. వాక్యం బోధించే పాస్టరు, సంస్కారాలు జరిపించే గురువు, అనేక సంఘాలను పర్యవేక్షించే బిషప్, పల్లెలో సాయంకాల ప్రార్థన నడిపించే ఉపదేశి, ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీ అందరూ ఆ పరిధిలోకి వస్తారు. వీరి పని ఫలితం ఎక్కువగా మనుషుల అంతరంగంలో ఉంటుంది కనుక దానిని కొలిచే సాధనం లేదు. కొలత లేని చోట బయటి గుర్తులే కొలతలవుతాయి: ఒకరి కూడికకు జనం ఎక్కువగా రావడం, ఒకరి ప్రసంగానికి కన్నీళ్లు రావడం, ఉజ్జీవ సభల కరపత్రంలో ఒకరి పేరు పెద్ద అక్షరాలతో పడడం వంటివి ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి. అంతకన్నా లోతైన కారణం మరొకటి ఉంది. సేవకు పిలిచేవాడు దేవుడే అన్న నమ్మకం ఉన్న చోట, పొరుగు సేవకునికి దక్కిన ఆదరణ కేవలం ఒక మనిషి అదృష్టంగా కనిపించదు. దేవుడే అతనిని ఎన్నుకుని తనను పక్కన పెట్టినట్లు అనిపిస్తుంది. అందువల్ల కచేరీలోనో వ్యాపారంలోనో పుట్టే అసూయ కన్నా సంఘంలో పుట్టే అసూయ మరింత చేదుగా ఉంటుంది, ఎందుకంటే దాని అసలు వివాదం మనిషితో కాదు, దేవుని ఎంపికతో.

ఈ ఉపన్యాసంలో రెండు మాటలకు వేరువేరు అర్థాలు ఉన్నాయి. ఇతరునికి కలిగిన మేలును తన లోటుగా తలచి బాధపడడం అసూయ. ఆ మేలు తనకూ కావాలని కష్టపడడం స్పర్ధ, అందులో దోషం లేదు. అరిస్టాటిల్ తన అలంకారశాస్త్రంలో ఈ తేడాను చూపుతూ, అసూయ సమానుల మధ్య, అంటే వయసులో, పుట్టుకలో, వృత్తిలో, ఊరిలో దగ్గరగా ఉన్నవారి మధ్య పుడుతుందని గుర్తించాడు. ముందుతీర్పు వేరు. మనిషి మాట వినకముందే, పని చూడకముందే, అతని కులాన్నో భాషనో దేహఛాయనో సంఘశాఖనో బట్టి, లేదా ఆ నాయకురాలు స్త్రీ కావడాన్ని బట్టి, అతడు తగడు, ఆమె తగదు అని నిర్ణయించేయడం ముందుతీర్పు. అసూయకు దగ్గరితనం కావాలి, ముందుతీర్పుకు దూరం కావాలి. ఒకే నాయకునిపై రెండూ కలిసి పనిచేసినప్పుడు తనవారి వైపు నుంచీ పరాయివారి వైపు నుంచీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. రెండూ తమ అసలు పేరుతో బయటికి రావు. సంఘక్షేమం, క్రమశిక్షణ, సిద్ధాంతశుద్ధి, ఇంకా సమయం రాలేదన్న వివేకం వంటి గౌరవనీయమైన మాటల చాటున వస్తాయి. వాటిని గుర్తుపట్టడంలోని కష్టమంతా అక్కడే ఉంది.

సంఖ్యాకాండము 12వ అధ్యాయం ఈ రెండింటినీ ఒకే సంఘటనలో చూపిస్తుంది. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లి చేసుకున్నాడన్న నెపంతో అతని అక్క మిర్యాము, అన్న అహరోను అతనికి విరోధంగా మాట్లాడతారు. మరుక్షణమే వారి మాట పెండ్లి సంగతి విడిచి, దేవుడు మోషే ద్వారా మాత్రమే మాట్లాడాడా, తమ ద్వారా మాట్లాడలేదా అన్న ప్రశ్నకు మారుతుంది. పైకి చెప్పిన ఫిర్యాదు పరాయి స్త్రీ పట్ల ముందుతీర్పు. లోపల ఉన్నది తోబుట్టువుల అసూయ. ఫిర్యాదు చేసినవారు అనామకులు కారు: మిర్యాము ప్రవక్త్రి, అహరోను ప్రధాన యాజకుడు. అంటే నాయకుని పట్ల అసూయ తరచుగా సామాన్య విశ్వాసులలో కన్నా ముందు తోటి నాయకులలో పుడుతుంది. ఆ అధ్యాయం ముగింపు గురించి మన ప్రసంగాలలో తక్కువగా వింటాము. మిర్యాముకు శిక్ష పడినప్పుడు ఆమె స్వస్థత కోసం మొరపెట్టినవాడు నిందకు గురైన మోషేయే. ఆమె పాళెము వెలుపల ఉన్న ఏడు దినాలూ జనమంతా ప్రయాణం ఆపి, ఆమె తిరిగి చేరాకనే ముందుకు కదిలారు. తప్పు చేసిన స్త్రీని వదిలేసి సాగిపోవడం ఆ సమాజానికి సమ్మతం కాలేదు. అసూయను జయించడమంటే అసూయపడినవారిని వెళ్లగొట్టడమని భావించే సంఘాలు ఈ భాగాన్ని నిదానంగా చదవవలసి ఉంది.

తన కోసం కాక తన నాయకుని కోసం పడే అసూయ మరొక రకం. తెలుగు సంఘాలలో ఇదే ఎక్కువ హాని చేస్తున్నదని చెప్పక తప్పదు. ఎల్దాదు, మేదాదు పాళెములో ప్రవచిస్తున్నారని విని వారిని ఆపమని కోరిన యెహోషువ తన కోసం కోరలేదు, మోషే గౌరవం కోసం కోరాడు. ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండునన్నది మోషే జవాబులోని భావం. జనమంతా యేసు దగ్గరకు పోతున్నారని బాప్తిస్మమిచ్చు యోహానుతో మొరపెట్టినవారు కూడా అతని శిష్యులే గాని యోహాను కాదు. కొరింథులో పౌలువారు, అపొల్లోవారు, కేఫావారు అని సంఘం చీలినప్పుడు ఆ ముగ్గురు నాయకుల మధ్య వైరం ఉన్నట్లు పత్రికలో ఎక్కడా కనబడదు, వైరం అభిమానులది. తమ అయ్యగారి ప్రసంగం ముందు మరొకరిది చాలదని గేటు దగ్గర మాట్లాడుకునే విశ్వాసులు తాము భక్తి చూపిస్తున్నామనే అనుకుంటారు. ఆ మాటకు నవ్వి ఊరుకునే అయ్యగారు ఆ భక్తిని పెంచి పోషిస్తున్నట్లే. యోహాను, మోషే ఊరుకోలేదు. తమ అభిమానులను తామే సరిదిద్దారు. ఈ పని నాయకుడే చేయాలి, ఎందుకంటే ఇంకెవరు చెప్పినా అది ప్రత్యర్థి మాటగానే వినిపిస్తుంది.

తొలి శతాబ్దాల సంఘానికి ఈ వ్యాధి బాగా తెలుసు. క్రీస్తుశకం మొదటి శతాబ్దం చివర, సుమారు 96 ప్రాంతంలో, కొరింథు సంఘంలో కొందరు తమ పెద్దలను పదవుల నుంచి తొలగించినప్పుడు, రోమా సంఘం తరఫున క్లెమెంతు రాసిన పత్రిక ఆ కలహానికి మూలం అసూయేనని తేల్చి, కయీను మొదలు దావీదు వరకు, ఆపైన పేతురు పౌలుల వరకు, అసూయ వల్ల బాధపడినవారి వరుసను చూపిస్తుంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు బిషప్ సిప్రియను 3వ శతాబ్దం మధ్యలో అసూయ గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. విశ్వాసంలోకి వచ్చి ఎక్కువ కాలం కాకముందే ప్రజలు అతనిని బిషప్‌గా ఎన్నుకోగా, దీర్ఘకాలం సేవ చేసిన అయిదుగురు పెద్దలు ఆ ఎన్నికను వ్యతిరేకించారు. ఆ వ్యతిరేకత అతని పదవీకాలమంతా వెంటాడింది. అందుచేత ఆ గ్రంథం వెనుక ఒక బాధితుని అనుభవం ఉంది. నిన్న వచ్చినవాడు నేడు పెద్దయ్యాడన్న బాధ ఎంత పాతదో దాని వల్ల తెలుస్తుంది.

తెలుగు నేలపై ఈ విషయాన్ని పరిశీలించడానికి అజరయ్య జీవితం కన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో ఒక ఆంగ్లికన్ గురువు ఇంట ఆయన పుట్టాడు. ఆంగ్లికన్ అంటే ఇంగ్లండు సంఘ సంప్రదాయానికి చెందినవారు. ఆ కుటుంబం నాడారు కులానికి చెందినది. కల్లుగీతతో ముడిపడినదన్న కారణంగా ఆ కాలపు తమిళ సమాజం ఆ కులాన్ని చిన్నచూపు చూసేది. యువకునిగా వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగిన అజరయ్య, 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘాన్ని, 1905లో జాతీయ మిషనరీ సంఘాన్ని నెలకొల్పడంలో ముఖ్యపాత్ర వహించాడు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులతో, భారతీయుల నిర్వహణలో సువార్తసేవ జరగాలన్నది ఆ రెంటి ఉద్దేశం. తిరునెల్వేలి సంఘం తన సేవకు నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. ఇతరులను పంపడంతో తృప్తిపడక, అజరయ్య 1909లో మంచి ఉద్యోగం వదులుకుని, గురుపట్టాభిషేకం పొంది, సుమారు 35వ ఏట తనకు రాని తెలుగు భాష నేర్చుకోవడానికి దోర్నకల్ రైల్వే జంక్షనుకు చేరుకున్నాడు.

ఆ మరుసటి ఏడే ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవైమందికి మించని ఆ సభలో, విదేశీ మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను కోరారు. మిషనరీల త్యాగాన్ని, దాతృత్వాన్ని మనసారా మెచ్చుకుంటూనే, వారి ప్రేమలో స్నేహం కొరవడిందని, దేశీయ సేవకుడు వారికి ఉద్యోగిగా మిగిలాడు గాని ఇంటికి వచ్చి సరిసమానంగా కూర్చునే మిత్రుడు కాలేదని ఆయన అన్నాడు. సభలో కొందరు నొచ్చుకున్నారు, మరికొందరు ఆ మాటను జీవితాంతం గుర్తుంచుకున్నారు. జీతం, ఆస్తి, అధికారం గురించి ఫిర్యాదు చేయగల స్థానంలో ఉండి కూడా ఆయన అడిగింది స్నేహాన్ని. ముందుతీర్పు దూరం మీద బతుకుతుందని, భోజనబల్ల దగ్గర అది నిలవలేదని ఆయనకు తెలుసు. చట్టంతో, తీర్మానంతో పోని ముందుతీర్పు సహవాసంతో పోతుందన్న ఈ గ్రహింపు ఈ ఉపన్యాసానికి కేంద్రం.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్‌గా చేయాలని ప్రతిపాదించినప్పుడు వ్యతిరేకత రెండు దిక్కుల నుంచి వచ్చింది. భారతీయుడు యూరోపియనులపై ఆత్మీయ అధికారం చలాయించడమేమిటన్నది ఒక దిక్కు. అది నేరుగా ఆ మాటల్లో రాలేదు. భారతీయ సంఘం ఇంకా పరిపక్వం కాలేదని, పరిపాలన అనుభవం చాలదని, తొందరపాటు వద్దని సలహాల రూపంలో వచ్చింది. రెండవ దిక్కు ఆయన సొంత మనుషులది. తిరునెల్వేలిలోనూ మద్రాసులోనూ ఇతర కులాల నుంచి వచ్చిన భారతీయ క్రైస్తవులలో కొందరు ఒక నాడారును బిషప్‌గా చేయడాన్ని వ్యతిరేకించారు. బాప్తిస్మం పొందిన తరాలు గడిచినా కులం అడ్డగోడగా నిలిచింది. చరిత్రకారిణి సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ప్రచురించిన అజరయ్య జీవిత అధ్యయనం ఈ రెండు వ్యతిరేకతలనూ విపులంగా చర్చించింది. విదేశీ పాలకుల ముందుతీర్పును తెలుగు క్రైస్తవులు తరచుగా గుర్తుచేసుకుంటారు. స్వదేశీ సోదరుల ఓర్వలేనితనాన్ని అంతగా గుర్తుచేసుకోరు. మొదటిది వేరొకరి తప్పు, రెండవది మన తప్పు కావడమే ఈ మరపుకు కారణమని చెప్పడం కఠినంగా వినిపించినా సత్యదూరం కాదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయన తొలి భారతీయ బిషప్. వ్యతిరేకుల మాటకు కొంత లొంగినట్లుగా, ఆయనకు మొదట ఇచ్చినది నిజాం రాజ్యపు ఒక మూలనున్న చిన్న అధ్యక్ష మండలం మాత్రమే. దానితోపాటు మద్రాసు సహాయ బిషప్ హోదా. అధ్యక్ష మండలం అంటే ఒక బిషప్ పర్యవేక్షణలోని సంఘాల ప్రాంతం. ఆయన వాదనకు దిగలేదు, తనకు జరిగిన అన్యాయాన్ని లెక్కబెడుతూ కూర్చోలేదు. ఏడాదిలో ఎక్కువ భాగం గ్రామాలలో సంచరిస్తూ, తెలుగులో బోధిస్తూ, తాగుడు, అప్పులు, అపరిశుభ్రత, కులభేదం వంటి రోజువారీ విషయాల మీద మాట్లాడుతూ, పల్లె సంఘాలు తమ పాస్టరును తామే పోషించుకోవాలని నేర్పుతూ వచ్చాడు. 1920ల ఆరంభంలో కృష్ణా ప్రాంతంలోని చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) సంఘాలు, అంటే 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో మొదలుపెట్టిన సేవకు వారసులు, దోర్నకల్ మండలంలోకి వచ్చాయి. అంతవరకూ ఏ అధికారం ఆయన చేతిలో ఉండకూడదన్నారో, ఆ అధికారం కింద అనేకమంది యూరోపియన్ మిషనరీలు పనిచేశారు. 1940ల నాటికి ఆ మండలంలోని విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌లో ఆలయ వాస్తు, మసీదు వాస్తు కలగలిసి ఉన్నాయి; ఈ నేలకు పరాయిది కాని ఆరాధనామందిరం కావాలన్న ఆయన కోరిక ఆ రాతిలో కనిపిస్తుంది.

అజరయ్యను దోషరహితునిగా చిత్రించడం ఆయనకు గౌరవం కాదు. ఆయన పాలనలో ఇంటి పెద్ద తీరు ఎక్కువ. నిర్ణయాలు చాలావరకు ఆయన చేతిలోనే ఉండేవి. సంఘంలో మాల, మాదిగ విశ్వాసుల మధ్య ఎడం ఆయన బోధించినంత మాత్రాన పోలేదు. ఆయనపై వచ్చిన విమర్శలన్నిటినీ అసూయ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అయితే పదవికి ముందే ఆయనపై వచ్చిన వ్యతిరేకతకూ, పదవిలో ఉండగా ఆయన పనిపై వచ్చిన విమర్శకూ మధ్య ఉన్న తేడాను గమనించాలి. మొదటిది ఆయన ఎవరు అన్నదానిపై, రెండవది ఆయన ఏమి చేశాడన్నదానిపై. నాయకుని గురించి ఏ ఫిర్యాదు వచ్చినా, ఇదే పని మరొకరు చేసి ఉంటే ఈ ఫిర్యాదు వచ్చేదా అని అడిగితే, చాలా సందర్భాలలో రెండింటినీ వేరుచేయవచ్చు.

ఉత్తర కోస్తాలో ముందుతీర్పు మరొక రూపం ధరించింది, అది మరపు. 1805లో లండన్ మిషనరీ సంఘానికి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. సువార్తల తెలుగు అనువాదంలో వారికి తోడ్పడిన బ్రాహ్మణ విశ్వాసి ఆనందరాయరు పేరు, ఆ మిషనరీల పేర్లు తెలిసిన వారిలోనూ చాలామందికి తెలియదు. తుని, యలమంచిలి, నర్సీపట్నం, అనకాపల్లి పరిసరాలలో బాప్టిస్టు సంఘాలు తమ మూలాన్ని కెనడా బాప్టిస్టు మిషనులో చూసుకుంటాయి, దాని ఆరంభంగా 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ రాకను చెప్పుకుంటాయి. నిజానికి ఆయన వచ్చింది ఒక తెలుగువాడు అప్పటికే మొదలుపెట్టిన సేవను స్వీకరించడానికి. తంతి శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గేబ్రియేలు ఆ జీతాన్ని వదులుకుని కాకినాడ ప్రాంతంలో తన బాధ్యత మీద సువార్తసేవ ప్రారంభించాడు.  పని పెరిగేకొద్దీ అప్పులు పెరిగాయి, అప్పుడు అతడు కెనడా బాప్టిస్టులను ఆహ్వానించాడు. మెక్‌లారిన్ వచ్చిన ఏడాదిలోపే, 1875 ఆరంభంలో అతడు మరణించాడు. అప్పులపాలైనవాడన్న ముద్ర ఆద్యుడన్న గౌరవాన్ని కప్పివేసింది. మెక్‌లారిన్ సేవ గొప్పది, 1882లో సామర్లకోటలో వేదాంత పాఠశాల ఆయన పూనికతోనే మొదలైంది. ఒకరి గొప్పతనం చెప్పడానికి మరొకరిని మరచిపోనక్కరలేదు. దీనికి భిన్నంగా, ఒంగోలు ప్రాంతపు మహోద్యమానికి ఆద్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి విషయంలో మిషనరీ జాన్ క్లౌ తన రచనలలో ఆ సంగతి దాచలేదు. మిషనరీ నిజాయితీ అక్కడ ముందుతీర్పును ఓడించింది.

మిషనరీలు వెళ్లిన తరువాత వారి బంగళాలు, బడులు, ఆసుపత్రులు, స్థలాలు దేశీయ సంఘాల చేతికి వచ్చాయి. ఆత్మీయ నాయకత్వం, ఆస్తి నిర్వహణ ఒకే పదవిలో కలిసిపోయాయి. పాస్టరు పట్ల అసూయలో ఎంత భాగం అతని ప్రార్థన పట్ల, ఎంత భాగం అతని సంతకం పట్ల అన్నది చెప్పడం అప్పటి నుంచి కష్టమైంది. కమిటీ ఎన్నికలలో కులం లెక్కలు, ఓడినవారు కోర్టుకు వెళ్లడం, గెలిచినవారు తమవారినే మంచి సంఘాలకు బదిలీ చేయడం ఆంధ్రలో ఏ ఒక్క శాఖకో పరిమితమైన కథ కాదు. ఈ పరిస్థితిలో అసూయ గురించి ఎంత ప్రసంగించినా ఫలితం తక్కువ, ఎందుకంటే అక్కడ అసూయకు రోజూ మేత దొరుకుతుంది. ఆస్తి లెక్కలు చూసేవారు వేరుగా, వాక్యసేవ చేసేవారు వేరుగా ఉండాలన్న సూచన అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోనే ఉంది. అక్కడ కూడా వివాదం భాషాభేదం నుంచి, వడ్డనలో పక్షపాతం నుంచి పుట్టింది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవారిని గద్దించలేదు, వేరొక ఏర్పాటు చేశారు. ఆ పనికి ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం గమనార్హం: ఫిర్యాదు చేసిన వర్గానికే బాధ్యత అప్పగించినట్లు కనిపిస్తుంది.

కులం, లింగం మీద ముందుతీర్పు పూర్తిగా పోలేదు గాని చెదరకుండానూ లేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో మొదట చేరలేదు, చాలా ఏళ్లు వెలుపలే ఉన్నాయి. అదే నంద్యాల మండలానికి 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తురాలై, దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. కర్నూలు ప్రాంతంలోని చిందుకూరులో పుట్టిన హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. కార్డినల్ అంటే కతోలిక సంఘంలో పోపుకు సలహాదారుగా, ఆయన వారసుని ఎన్నుకునే మండలిలో సభ్యునిగా ఉండే గురువు. ఆ పదవి పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయన. ఇటువంటి నియామకం ముందుతీర్పుకు చికిత్స మొదలుపెడుతుంది గాని ముగించదు. మొదటి స్త్రీని, మొదటి దళితుని పదవిలో కూర్చోబెట్టడం సులభం. ఆమె లేదా ఆయన సాధారణంగా పొరపాటు చేసినప్పుడు ఆ పొరపాటును వారి పుట్టుకకు అంటగట్టకుండా ఉండడం కష్టం. పురుష పాస్టరు కోపంగా మాట్లాడితే అది అతని స్వభావం, స్త్రీ పాస్టరు కోపంగా మాట్లాడితే అది స్త్రీలు పదవికి తగరన్నదానికి రుజువు అయినంతకాలం ముందుతీర్పు బతికే ఉంటుంది.

సంఘశాఖల మధ్య కూడా ఇదే జరిగింది. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషనును ప్రారంభించినప్పుడు, పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే ఆరాధనా కేంద్రాన్ని స్థాపించి సహవాసాలను విస్తరించినప్పుడు, పాత శాఖలకు వారి బోధను నిదానంగా పరీక్షించే హక్కు ఉండేది. ఆ పరీక్షకు సమయం తీసుకోకుండానే గొర్రెలను దొంగిలించేవారన్న మాట వాడుకలోకి వచ్చింది. అటువైపున సహవాసాలలోనూ పాత సంఘాల పాస్టర్లందరూ జీతగాళ్లేనన్న ముందుతీర్పు అంతే బలంగా పెరిగింది. ఒక సంఘాన్ని వదిలి మరొక సంఘానికి వెళ్లే విశ్వాసి ఎందుకు వెళ్తున్నాడో అతనిని అడిగితే, ఇరుపక్షాల నాయకులకూ ఉపయోగపడే జవాబు దొరుకుతుంది.

ఇక్కడ ఒక అపాయం గురించి గట్టిగా చెప్పాలి. అభిషిక్తుని ముట్టకూడదన్న కీర్తన వాక్యాన్ని అడ్డం పెట్టి, నాయకునిపై వచ్చే ప్రశ్నలన్నిటికీ అసూయ అని పేరుపెట్టి నోరు నొక్కడం తెలుగు సంఘాలలో బాగా పెరిగింది. ఆ వాక్యం ప్రయాణికులుగా పరదేశాలలో తిరిగిన పితరులను బలవంతులైన రాజుల చేతి నుంచి కాపాడడం గురించినది, సంఘంలోని పేదలను నాయకుని చేతి కింద మౌనంగా ఉంచడం గురించినది కాదు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్దపై నేరారోపణ అంగీకరించవద్దంటుంది, ఆ వెంటనే పాపం చేసిన పెద్దలను అందరి ఎదుట గద్దించమంటుంది. మొదటి మాట నాయకుని అసూయాపరుల నుంచి కాపాడుతుంది, రెండవది సంఘాన్ని తప్పు చేసిన నాయకుని నుంచి కాపాడుతుంది. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుట నిలదీశాడని గలతీ పత్రిక చెబుతుండగా, పేతురు పేరుతో ఉన్న రెండవ పత్రిక పౌలును ప్రియ సహోదరుడంటుంది. బహిరంగ విమర్శ తరువాత కూడా సహోదరత్వం మిగలగలదు. డబ్బు దుర్వినియోగం, స్త్రీలపై, పిల్లలపై అత్యాచారం వంటి ఆరోపణలను అసూయగా కొట్టివేయడం పాపం. అవి సంఘం ఇంట్లో పరిష్కరించుకునే విషయాలూ కావు, చట్టం ముందుకు వెళ్లవలసినవి.

మరి అసూయను, ముందుతీర్పును తగ్గించే ఏర్పాట్లు ఏవి? ఉపవాసప్రార్థన కూడికలో అందరి ఎదుట ఒకరినొకరు క్షమించుకోవడం మంచిదే, కాని మరుసటి ఆదివారానికి అది నిలవడానికి నిత్యజీవితంలో అలవాట్లు కావాలి. కానుకల లెక్క నెలనెలా బల్ల మీద పెడితే గుసగుసలకు చోటు తగ్గుతుంది. లెక్క దాచే సంఘంలో నిజాయితీపరుడైన పాస్టరు కూడా అనుమానితుడే అవుతాడు. ఫిర్యాదుకు ఒక చోటు, ఒక గడువు, రాతపూర్వక జవాబు ఉంటే అది ఇళ్లల్లో పుకారుగా తిరగదు. వేదిక మీద ఎప్పుడూ ఒకే ముఖం కనిపించకుండా ఉపదేశులకు, స్త్రీలకు, యువకులకు వాక్యం చెప్పే వంతు ఇస్తే, వరం ఒకరి సొత్తు కాదని సంఘం కళ్లారా చూస్తుంది. ఫిలిప్పీ పత్రికలో పౌలు, తనపై అసూయతో కొందరు క్రీస్తును ప్రకటిస్తున్నారని తెలిసి కూడా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు కదా అని సంతోషించాడు. ఇది స్వభావసిద్ధంగా వచ్చేది కాదు, సాధనతో వచ్చేది. పక్క సంఘం పాస్టరు పేరు పెట్టి ప్రతి ఆదివారం బహిరంగంగా ప్రార్థించే సేవకునికి అతనిని ద్వేషించడం క్రమేణా కష్టమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, బదిలీ సమయంలో జరిగేదానిని సంఘాలు శ్రద్ధగా గమనించాలి. పాత పాస్టరు పట్ల అభిమానం, కొత్త పాస్టరు పట్ల ముందుతీర్పు, ఇద్దరి మధ్య అసూయ ఒక్కసారిగా పొంగే సమయం అది. వెళ్లే పాస్టరు సామాను సర్దుకుని ఒక రాత్రి వెళ్లిపోవడం, వచ్చే పాస్టరు ఎవరూ పరిచయం చేయకుండా మొదటి ఆదివారం ప్రసంగపీఠం ఎక్కడం మామూలైంది. దీనికి బదులు ఇద్దరూ కనీసం రెండు ఆదివారాలు కలిసి ఆరాధన నడిపించాలి. బాప్తిస్మాల, వివాహాల, సభ్యత్వపు రిజిస్టర్లను, కానుకల పుస్తకాన్ని సంఘపెద్దల ఎదుట ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఇవ్వాలి. వ్యాధిగ్రస్థుల ఇళ్లకు, విధవల ఇళ్లకు, సంఘానికి రాకుండా మానుకున్నవారి ఇళ్లకు పాత పాస్టరు కొత్త పాస్టరును వెంటబెట్టుకుని వెళ్లాలి. కొత్త పాస్టరు ఏ కులంవారైనా, స్త్రీ అయినా, వారితో కలిసి ఆ ఇళ్లలో టీ తాగి, ప్రార్థన చేసి రావాలి. ఆ పని పూర్తయ్యాకనే పాత పాస్టరు తన కొత్త ఊరికి బయలుదేరాలి, అక్కడ తన కోసం ఎదురుచూస్తున్న పాస్టరు కూడా అదే చేసేలా అధ్యక్ష మండలాలు, బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్లు నియమం రాయాలి.